చెరి సగం చేసిన డిస్కు

నరసరావుపేట,
24-5-88.

నూర్ భాయ్‌కి,

సలాం. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. నేను రాయడం లేదు.

పండక్కి వచ్చావు, సేమ్యా తిన్నావు, మా ఆఫీసుకి పోయి కంప్యూటర్‌ని ఖాళీ చేసి రాత్రి బస్సెక్కావు. నేను ఇంట్లోనే ఉన్నానుగా? పల్నాడు రోడ్డు దాకా పోతున్నవాడివి, చెల్లెలు రోజూ కూర్చునే మిషన్ మీద చెయ్యి వెయ్యబోతున్నవాడివి, నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?

నీకు తెలిసిన సంగతే అయినా మళ్లీ రాస్తాను. ఆ రోజు నువ్వు తెలిసినవాడిలా చెయ్యలేదు కాబట్టి రాస్తాను. గోపాలకృష్ణయ్య గారు, ఆయన తమ్ముడు త్రికోటేశ్వరరావు గారు ఎనిమిదేళ్లుగా పత్తిలో కొత్త విత్తనం కట్టిస్తున్నారు. ధనమ్మ ముఠా ఆడవాళ్లు ఒక రకం మొగ్గ విప్పి, పుప్పొడి తీసేసి, ఇంకో రకం పువ్వు తెచ్చి రుద్దుతారు. ఏ తల్లికి ఏ తండ్రి, ఆ సంకరం ఎలా కాసింది, పురుగుకి ఆగిందా లేదా, అంతా పుస్తకాల్లో ఉండేది. రెండేళ్లు కూర్చుని మొత్తం నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎక్కించడం అయిన మర్నాడే పెద్దాయన ఆ పుస్తకాలన్నీ చిత్తుకాగితాల కింద శనక్కాయల బండివాడికి తూకానికి ఇచ్చేశారు. కంప్యూటర్ ఉండగా ఇంకా కాగితాలేంది అన్నారు. ఇప్పుడు గోడౌన్ నిండా విత్తనాల కవర్లున్నాయి. కవర్ల మీద నంబర్లున్నాయి. ఆ నంబర్లంటే ఏమిటో చెప్పేది నువ్వు ఖాళీ చేసిన ఆ డిస్కు ఒక్కటే.

అన్నదమ్ములు విడిపోతే వాళ్ల మిల్లు వాళ్లు పంచుకుంటారు, గోడౌన్ పంచుకుంటారు, కాటా కూడా పంచుకుంటారు. డిస్కుని పంచడమేమిటి? నాదెండ్ల నుంచి వచ్చిన వాళ్ల మేనమామ "యంత్రం ఉమ్మడి, లోపల చెరి సగం" అన్నాడంటే, ఆయనకి తెలియక అన్నాడు. చదువుకుని అదే పని చేస్తున్నవాడివి, నువ్వు తలూపడమేమిటి?

మర్నాడు పోయి చూస్తే డిస్కులో సీ అని ఒక ఖాళీ వాటా, డీ అని ఒక ఖాళీ వాటా. ఇనప్పెట్టెలోంచి కాపీల ఫ్లాపీలు తీయించి పెట్టి చూశాను. ఒక్కటీ చదవడం లేదు. తొలకరి పడితే విత్తనం వెయ్యాలి. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

అబిదా.

*

హైదరాబాదు,
29-5-88.

అబిదాకి,

నూర్ దువా. నీ ఉత్తరం చదివాను. అన్నకి రాసే పద్ధతి అది కాదు. సరే, కోపంలో రాశావు.

నేను బుద్ధి లేక చెయ్యలేదు. కాపీలున్నాయా అని పెద్దాయన్ని అడిగాను. ఉన్నాయన్నారు, పెట్టె తెచ్చి చూపించారు. నేనే ఒక ఫ్లాపీ పెట్టి చూసుకున్నాను, బాగానే చదివింది. ఆ తర్వాతే డిస్కుని రెండు పార్టిషన్లు చేసి, రెండూ ఫార్మాట్ కొట్టాను. ఇప్పుడు చదవడం లేదంటే మీ డ్రైవ్ హెడ్‌కి దుమ్ము పట్టి ఉంటుంది. శుభ్రం చేసి మళ్లీ చూడు.

అది కాకపోయినా భయపడకు. జాగ్రత్తగా చదువు. నేను పొలం గట్టు మార్చానంతే, చేను దున్నలేదు. డిస్కు మొదట్లో ఒకచోట, ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉంటుంది. మారింది అది. ఫార్మాట్‌తో పోయింది పైపైన ఉండే పేర్ల పట్టీ. నువ్వు ఎక్కించినదంతా లోపల ఉన్నచోటే ఉంది. పాత హద్దులు మళ్లీ రాసి, లోపల ముక్క ముక్క వెతికి బయటికి తీయవచ్చు. దానికి ప్రోగ్రాం ఉంది, మా కంపెనీ దగ్గర.

కాని ఒకటి. ఆ డిస్కు మీద కొత్తగా ఎవరూ ఏమీ రాయకూడదు. ఒక చిన్న ఉత్తరం టైపు చేసి దాచినా, అది పోయి పాతదాని మీద కూర్చుంటే ఆ పాతది ఇక ఎవరూ తేలేరు. మిషన్ ఆన్ చెయ్యనివ్వకు.

ఇంకొకటి. దీంట్లో నా పేరు ఎక్కడా అనకు. సెలవులో ఉండి బయట పని చేశానని మా మేనేజర్‌కి తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తాడు. అబ్బాకి కూడా ఈ సంగతి రాశాను.

నూర్.

*

నరసరావుపేట,
4-6-88.

నూర్ భాయ్‌కి,

డ్రైవ్ శుభ్రం చేశాను. తర్వాత ఫ్లాపీలు కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూశాను. చూస్తే ఏముందో తెలుసా? కుంకుమ.

పోయిన దసరాకి ఆయుధపూజ చేశారు కదా. పెద్దాయన భార్య సుబ్బరత్నం గారు జిన్నింగు మిషన్లకి, కాటాకి, జీపుకి బొట్లు పెట్టి, అదే చేత్తో కంప్యూటర్ గదిలోకి వచ్చారు. మానిటర్‌కి పెట్టారు. పెట్టెలో ఉన్న ఫ్లాపీలు ఒక్కొక్కటే తీసి పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఎక్కడ పెట్టారు? నల్లటి కవరు మధ్యలో లోపలి పొర కనపడే కంత ఉంటుందే, నిండుగా అక్కడ. పాపం ఆవిడకి అదే మొహంలా కనపడినట్టుంది. పూజలో పెట్టినవి ముట్టకూడదని ఆ పెట్టె అప్పట్నుంచీ ఇనప్పెట్టెలో ఉంది. కొత్త కాపీలు తీసుకుంటానని నేను అడిగినప్పుడల్లా పెద్దాయన చూద్దాంలే అన్నారు.

అన్నిటికీ ఉంది భాయ్. ఒక్కటి కూడా మిగల్లేదు. నువ్వు ఏ ఫ్లాపీ పెట్టి చూశావు? బాగా చదివింది ఏది? ఏది పెట్టినా చదవదని అప్పుడే తెలిసేది. నువ్వు పెట్టె మూత కూడా తియ్యలేదు. నాకు అబద్ధం రాశావు.

పోయిన ఉత్తరంలో నేను రాయనివి ఇప్పుడు రాస్తాను, విను. డిస్కు ఖాళీ అని తెలిసిన రోజే ఇద్దరు యజమానులూ నన్ను పిలిచారు. నేను నోరు తెరవకముందే అబ్బా గుమ్మంలోంచే, "పిల్ల ఏదో నొక్కినట్టుందయ్యా, తెలియక" అన్నాడు. నీ ఉత్తరం రాకముందే అన్నాడు. నువ్వు చెప్పేదాకా ఆగాల్సిన పని కూడా లేకపోయింది ఆయనకి. కొడుకుకి ఉద్యోగం ఉండాలి. కూతురికి పేరు ఉన్నా పోయినా ఒకటే.

ఫ్లాపీలు కూడా చదవవని తేలాక నన్ను పనిలోంచి తీసేశారు. గుంటూరులో ఎవరో విత్తనాల షావుకారుకి నేను అంతా అమ్ముకుని చెరిపేశానని బజారంతా అంటున్నారు. మిల్లులో ఏ మిషన్ ఆగినా మౌలాలీ రావాలి అనేవాళ్లు, ఇప్పుడు అబ్బాని గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెట్టారు. ఫిట్టర్ వాచ్‌మన్ అయ్యాడు. ఇవన్నీ నీకు రాయవద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. నేను ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

మిషన్ ఆన్ చెయ్యనివ్వకు అని రాశావు. నన్నే గదిలోకి రానివ్వకపోతే ఇక ఎవర్ని ఆపను? చిన్నాయన బావమరిది మాచర్ల నుంచి వచ్చి, ఇది మా వాటా అని డీలో జాతకాల ప్రోగ్రాం ఎక్కించాడు. ఆ కబురు విన్నాక మధ్యాహ్నం అబ్బాకి అన్నం క్యారియర్ ఇచ్చే వంకతో లోపలికి పోయి, ఆ గది ఫ్యూజు పీకి తెచ్చాను. ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది. ఇప్పుడు నేను ఫ్యూజు దొంగని కూడా.

నాకు డిస్కు ఒక్కటే వెనక్కి వస్తే చాలదు. ఎవరు చెరిపారో అందరి ముందూ చెప్పాలి. నువ్వే వచ్చి చెప్పాలి.

అబిదా.

*

హైదరాబాదు,
9-6-88.

అబిదా,

అవును, పెట్టి చూడలేదు. చాలా?

ఆ రోజు ఆ గదిలో నువ్వు లేవు. పదిన్నరకి వర్జ్యం వస్తుంది, ఆలోపు పంపకం ముగియాలని పంతులు గారు గడియారం పట్టుకుని నిలబడ్డారు. పెద్దమనుషులందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి నా వెనక నిలబడ్డారు. నా చేతుల వంక చూస్తున్నారు. గోపాలకృష్ణయ్య గారు స్వయంగా కుర్చీ లాగి, "కూర్చో నూర్ బాబూ" అన్నారు. ఆ ఇంట్లో మనవాళ్లకి కుర్చీ వెయ్యడం నువ్వెప్పుడైనా చూశావా? అబ్బా ముప్పై ఏళ్లు ఆ గుమ్మంలో నిలబడే మాట్లాడాడు. వర్జ్యం దాటాక చూద్దాం, ముందు కాపీలు పరీక్ష చెయ్యాలి అని చెప్పవలసినవాణ్నే. చెప్పలేకపోయాను. అన్నీ పోతాయి, సరేనా అని మిషన్ అడిగింది. సరే అని కొట్టాను.

నీకు కోపం రావడం న్యాయమే. కాని నన్ను వచ్చి పదిమందిలో చెప్పమంటున్నావే, చెప్పాక ఏం జరుగుతుంది? వాళ్లు మా కంపెనీకి రాస్తారు. నేను బయటికి పోతాను. నేను పంపే మనియార్డరు ఆగిపోతే ఆ ఇల్లు ఎట్లా గడుస్తుంది? నీ పేరు నిలబడితే అమ్మీ మందులు వస్తాయా?

పందొమ్మిది ఆదివారం వస్తాను. ప్రోగ్రాం తెస్తాను. మొత్తం తీసి ఇస్తాను. అప్పటిదాకా నోరు కట్టుకో. ఫ్యూజు అక్కడే ఉంచు. అది మాత్రం మంచి పని చేశావు.

నూర్.

*

నరసరావుపేట,
13-6-88.

భాయ్,

రా. ఫ్యూజు ఇస్తాను. నోరు కట్టుకుంటానని మాత్రం మాట ఇవ్వను.

అబిదా.

*

హైదరాబాదు,
24-6-88.

అబిదాకి,

నూర్ దువా. బస్సులో పొద్దుటిదాకా కునుకు లేకపోయినా మనసు తేలికగా ఉంది. రెండు రోజుల్లో అంత పని అవుతుందని నేనే అనుకోలేదు. పాత హద్దులు రాసి మిషన్ మళ్లీ ఆన్ చేసినప్పుడు, మొదటి ముక్కలో నువ్వు టైపు చేసిన అక్షరాలు తెర మీద కనపడ్డాయి చూడు, అప్పుడు గాని నాకే నమ్మకం కుదరలేదు. జాతకాల ప్రోగ్రాం కూర్చున్నచోట ఎనభై నాలుగో సంవత్సరం పోయింది, దానికి ఎవరూ చేసేదేమీ లేదు. మిగతా ఏళ్లన్నీ వచ్చాయి. పేర్లు లేని ముక్కల్ని చూడగానే ఇది ఫలానా మడి, ఇది ఫలానా ఏడు అని నువ్వు చెప్పకపోతే నేను అతికించలేకపోయేవాణ్ని. ఆ మాట ఒప్పుకుంటాను.

నేను అందరి ముందూ చెప్పలేదని నీకు కోపం వచ్చింది, నీ మొహం చూస్తే తెలిసింది. బస్టాండు దాకా వచ్చి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్లిపోయావు. అబిదా, ఆ సమయంలో ఎట్లా చెప్పను? త్రికోటేశ్వరరావు గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. పెద్దాయన మామిడిపళ్ల గంప బస్సు మీదికి ఎక్కించారు. నిన్ను పనిలోకి తీసుకుంటామన్నారు, అబ్బాని మళ్లీ మిల్లులోకి పంపిస్తామన్నారు. పోయినవన్నీ వచ్చాయి. ఇంకా ఏం కావాలి? దీన్ని ఇక్కడితో వదిలెయ్యి.

నూర్.

*

నరసరావుపేట,
1-7-88.

నూర్ భాయ్‌కి,

పనిలోకి తీసుకున్నారు. ఎలా తీసుకున్నారో రాస్తాను.

సోమవారం అందర్నీ పిలిచి గోపాలకృష్ణయ్య గారు, చిన్నపిల్ల, తెలియక చేసింది, అన్న వచ్చి సరిదిద్దాడు, మౌలాలీ మొహం చూసి క్షమిస్తున్నాం అన్నారు. ఆఫీసులోవాళ్లంతా తలలూపారు. వాళ్లు ఎంత మంచివాళ్లో అన్నట్టు చూశారు. అబ్బా నమస్కారం పెట్టాడు. నన్ను కూడా పెట్టమని మోచేత్తో పొడిచాడు.

దొంగ అన్నప్పుడు కూడా నాకు ఇంత మండలేదు. దొంగ అంటే కాదు అని అరవవచ్చు. క్షమించాం అంటే ఏమని అరవాలి? చెయ్యని తప్పుకి నన్ను క్షమించారు భాయ్. అదీ నువ్వు తెచ్చిపెట్టిన మర్యాద. గంపలో మామిడిపళ్లు తియ్యగా ఉన్నాయా?

ఇక రెండో సంగతి. మేనమామ మళ్లీ నాదెండ్ల నుంచి వచ్చాడు. డిస్కుని పంచితే గోల అయ్యింది కాబట్టి, ఈసారి ఫైలునే పంచమన్నాడు. పెద్దాయనకి ఒక ఫ్లాపీ, చిన్నాయనకి ఒక ఫ్లాపీ, డిస్కులో ఏమీ మిగలకూడదు. కవర్లు కూడా దాని ప్రకారమే. ఒకరికి ఒక్క రకం ఎక్కువ వెళ్లినా ఊరుకునేది లేదని ఇద్దరూ అన్నారు. ఎలా పంచమంటారు అని మూడుసార్లు అడిగాను. ఇది పంచేది కాదు, కలిసుంటేనే పనికొస్తుంది అని కూడా చెప్పాను. "చెప్పిన పని చెయ్యి, నీ తెలివి ఇప్పటికే చూశాం" అన్నాడు మేనమామ.

చెప్పిన పని చేశాను. ప్రతి సంకరానికీ ఒక తల్లి, ఒక తండ్రి. తల్లులన్నీ పెద్దాయనకి, తండ్రులన్నీ చిన్నాయనకి. లెక్క కుదిరింది, ఒక్కటి అటూ ఇటూ కాలేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మొన్న రాత్రి వాన పడింది. పొద్దున్నే ధనమ్మ పొలం నుంచి వచ్చి, ఏ సాలులో తల్లి వెయ్యాలి, దాని పక్కన తండ్రి ఏది అని అడిగింది. పెద్దాయన దగ్గర జవాబు లేదు. చిన్నాయన దగ్గరికి పోయింది. ఆయన దగ్గరా లేదు. రెండు ఫ్లాపీలు పక్కపక్కన పెడితే జత నంబర్లు వాటంతటవే కలుస్తాయి. ఇద్దరూ ఒక గదిలో కూర్చుంటే నాతో పనే లేదు. కూర్చోరు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కబోమని ఒట్లు పెట్టుకున్నారు.

నన్ను కలిపి ఇమ్మంటున్నారు. ఇస్తానన్నాను. ముందు నాకు పెట్టిన క్షమాభిక్ష వెనక్కి తీసుకోమన్నాను.

అబిదా.

*

హైదరాబాదు,
7-7-88.

అబిదా,

నీకు పిచ్చి పట్టిందా? వాళ్లెవరు, మనమెవరు? రేపు అబ్బాని గేటు దగ్గర కూడా కూర్చోనివ్వరు. నీ పంతానికి ఆయన ముప్పై ఏళ్ల చాకిరీ తగలబెడతావా? ఆ ఫ్లాపీలు కలిపి ఇచ్చి నీ పని నువ్వు చేసుకో.

నా పేరు చెప్పావా? అది మాత్రం వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

నూర్.

*

నరసరావుపేట,
14-7-88.

నూర్ భాయ్‌కి,

సలాం. నీ పేరు నేను చెప్పలేదు. నిద్రపో. ఏం జరిగిందో మాత్రం మొత్తం చదువు.

నీ ఉత్తరం వచ్చేలోపు ఇంకో వాన పడింది. అదును దాటిపోతోందని ఇద్దరూ దిగివచ్చారు. పంపకాలు చేసిన మనుషులే, అదే గది. మేనమామ వచ్చాడు. సుబ్బరత్నం గారు తలుపు పక్కన నిలబడ్డారు. అబ్బా గుమ్మం బయట, చెప్పులు విడిచిన చోట నిలబడ్డాడు.

గోపాలకృష్ణయ్య గారు మెత్తగానే అడిగారు. "నీకేం కావాలమ్మా? జీతం పెంచమంటావా?"

"మీరు నన్ను క్షమించారు కదండీ, అది వెనక్కి తీసుకోండి. నేను ఏ తప్పూ చెయ్యలేదు" అన్నాను.

"నువ్వు చెయ్యకపోతే ఎవరు చేశారు మరి? చెప్పు" అన్నాడు మేనమామ.

నువ్వే కళ్ల ముందు మెదిలావు భాయ్. ఆ కుర్చీలో కూర్చుని నువ్వు ఎలా కొట్టావో వాళ్లందరూ కళ్లారా చూశారు. ఆ గదిలో ఉన్న ప్రతివాడూ చూశాడు. చూసినా, చెరిపింది నువ్వని ఒక్కడికీ తట్టలేదు. నువ్వు కుర్చీలో కూర్చున్న ఇంజనీరువి, నేను జీతానికి టైపు కొట్టే పిల్లని. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. నేను చెబితే అన్న మీద చెల్లెలు చాడీ చెప్పినట్టవుతుంది. చెప్పవలసినవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు హైదరాబాదులో ఉన్నాడు. రెండో ఆయన వంక చూశాను. చూస్తూనే ఉన్నాను.

తర్వాత గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. నాకు ఊహ తెలిశాక అబ్బా ఆ గది లోపలికి రావడం అదే మొదలు.

"పిల్ల చెయ్యలేదయ్యా. ఆ రోజు మా పెద్దాడు నొక్కాడు, అందుకే పోయింది. ఆడి ఉద్యోగం పోద్దని దీని మీదికి నెట్టింది నేను" అన్నాడు.

అంతే అన్నాడు. సుబ్బరత్నం గారు మెల్లగా, ఆ కుంకుమ నేనే పెట్టాను అన్నారు. చిన్నాయన, ఆ జాతకాలు మా బావమరిదే ఎక్కించాడు అన్నాడు. మేనమామ మాత్రం తానేమన్నాడో గుర్తులేనట్టు కండువా సర్దుకున్నాడు. గోపాలకృష్ణయ్య గారు లేచి, నీ మీద మాట వెనక్కి తీసుకుంటున్నాం తల్లీ, తప్పు మాది అన్నారు. మీ కంపెనీకి రాయబోమని, పిల్లాడి పొట్ట కొట్టబోమని అబ్బాకి మాటిచ్చారు. అక్కడే కూర్చుని రెండు ఫ్లాపీలు కలిపి, ఇద్దరికీ చెరొక పూర్తి కాపీ ఇచ్చాను. ధనమ్మ ముఠా మర్నాడు విత్తనం వేసింది.

గెలిచానని సంబరపడుతున్నాననుకుంటున్నావేమో. ఇంటికి వచ్చి కోపంతో ఏడ్చాను. అబ్బా నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నాడు, తల ఎత్తడం లేదు. ముప్పై ఏళ్లలో ఆయన ఆ గదిలో లోపల నిలబడింది ఒక్కసారి, అది తన తప్పు ఒప్పుకోవడానికి. ఆ పని నువ్వు చేసి ఉంటే ఆయనకి ఆ అవసరం వచ్చేది కాదు. నీ మీద నా కోపం ఇప్పుడు ముందుకంటే ఎక్కువైంది.

బక్రీదుకి వస్తావని అమ్మీ ఎదురుచూస్తోంది. రా. అయితే అబ్బా చెప్పేశాడు కదా, ఇక నేను చెప్పేదేముంది అనుకుని రాకు. ఆయన చెప్పింది ఆయన తప్పు. నీది ఇంకా నువ్వు చెప్పలేదు.

అబిదా.